సిజేరియన్ కుట్లకు చీము పట్టింది, కల్చర్ రిపోర్టు నిండా ‘ఆర్’ లే. తెలిసినవాళ్లు చెప్పండి

విభాగం: ఆరోగ్యం, ఆసుపత్రులు

హగరి_ఒడ్డు | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది అనంతపురం జిల్లాలో పడమటి వైపు పల్లె. మా చెల్లెలికి మూడు వారాల కిందట సిజేరియన్ అయింది. ఏ ఆసుపత్రి అన్నది రాయను, దయచేసి అడగొద్దు. అర్ధరాత్రి బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందంటే పరుగున ఆపరేషన్ చేసి ఇద్దరినీ బతికించింది వాళ్లే.

ఐదో రోజు ఇంటికి పంపారు. కుట్లు విప్పడానికి ఎనిమిదో రోజు రమ్మన్నారు. ఏడో రోజు రాత్రి చలిజ్వరం, రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. పొద్దున చూస్తే పట్టీ తడిసి ఉంది, చీము. తిరిగి తీసుకుపోతే జిల్లా కేంద్రానికి రాశారు. అక్కడ కుట్లు విప్పి, చీము తీసి, అందులో ఏ క్రిమి పెరుగుతుందో, ఏ మందుకు చస్తుందో చూసే కల్చర్ పరీక్షకు కొంత ల్యాబ్‌కు పంపారు. మూడో రోజు రిపోర్టు వచ్చింది. క్రిమి పేరు క్లెబ్సియెల్లా. కింద పద్నాలుగు మందుల పేర్లు. పదింటి ఎదురుగా ‘ఆర్’, నాలుగింటికే ‘ఎస్’.

నాకు అర్థం కానిది ఇదీ. ఆసుపత్రిలో ఉన్న ఐదు రోజులూ పూట తప్పకుండా సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజక్షన్ వేశారు. ఇంటికొచ్చాక సెఫిక్సిమ్ మాత్రలు. ఒక్కటి కూడా మానలేదు, నేనే దగ్గరుండి మింగించాను. ఇంత మందు పోయినా చీము ఎట్లా పట్టింది? రిపోర్టులో ఆ రెండు మందుల ఎదురుగానూ ఆర్ ఉంది. అంటే చెల్లెలి ఒంటికి మందు అలవాటు పడిపోయిందా? బిడ్డకు పాలిస్తోంది, బిడ్డకూ అంతేనా?

మా అవ్వ మాత్రం బాలింతకు పప్పన్నం పెట్టినందుకే చీము పట్టిందని మా అమ్మను ఏకేస్తోంది.

ఉగ్గాని_బజ్జీ | 9:52

కేసు వెయ్యన్నా. థియేటర్ కడగని వాళ్లదే తప్పు. ఊరకే వదలొద్దు.

దేవుని_కడప | 10:05

మా ఇంట్లోనూ పప్పు మాటే. నాకు 2011లో అపెండిక్స్ ఆపరేషన్ అయితే నలభై రోజులు పప్పు, వంకాయ, చింతపండు అన్నీ బంద్. వెల్లుల్లి కారం, నెయ్యి అన్నం. చీము పట్టలేదు కాబట్టి మా జేజి పోయేదాకా తనే గెలిచానని చెప్పుకుంది. నేను బయాలజీ మాస్టర్నయి ఉండి కూడా నోరు మెదపలేదు.

సూక్ష్మదర్శిని | 10:31

కర్నూలులో మైక్రోబయాలజీ పీజీ చేస్తున్నాను. ఇలాంటి రిపోర్టులు రోజూ చూస్తాను కాబట్టి చెప్తున్నా, వైద్యం మాత్రం మీ డాక్టరు చెప్పినట్టే.

ముందు టెన్షన్ తగ్గించే మాట. ఆర్ అంటే రెసిస్టెంట్. మందుకు మొండికేసింది ఆ గాయంలోని క్రిమి. మీ చెల్లెలి ఒంటికి ఏమీ కాలేదు. రేపు ఇంకో క్రిమితో ఇంకో జబ్బు చేస్తే అదే మందు ఆమెకు పనిచేయవచ్చు. ఎస్ అంటే ఆ మందుకు లొంగుతుందని. పక్కన ఎంఐసీ అని (క్రిమి పెరగకుండా ఆపడానికి కావాల్సిన కనీస మందు) అంకెలుంటే వాటిని ఒకదానితో ఒకటి పోల్చకండి. ఒక మందుకు 4 అని, ఇంకోదానికి 0.25 అని ఉంటే చిన్న అంకె ఉన్నదే గట్టి మందని చాలామంది అనుకుంటారు, కొందరు డాక్టర్లతో సహా. ఒక్కో మందుకు పాసు మార్కు ఒక్కోచోట ఉంటుంది, అంతే.

క్లెబ్సియెల్లా మన పేగుల్లో ఉండేదే. ఆసుపత్రిలో అయితే సింకు, తడి గుడ్డ, యూరిన్ పైపు, మా చేతులు, తడి ఉన్నచోటల్లా కాపురం పెడుతుంది. వీటిలో కొన్ని సెఫ్‌ట్రయాక్సోన్ లాంటి మందులను ముక్కలు చేసే ఎంజైమును తయారు చేసుకుంటాయి. ఆ ఎంజైముకు పొట్టి పేరు ఈఎస్‌బీఎల్, రిపోర్టు అడుగున అది ఉందేమో చూడండి. ఆ కిటుకు రాసి ఉన్న జన్యువు ఒక చిన్న ఉంగరంలాంటి డీఎన్‌ఏ ముక్క మీద ఉంటుంది. పరీక్ష హాల్లో చిట్టీ అందించినట్టు ఒక క్రిమి దాన్ని పక్క క్రిమికి అందిస్తుంది. జాతి వేరైనా ఇస్తుంది.

ఇంత మందు పోయినా చీము ఎట్లా పట్టిందని అడిగారు. ఆ మందు పోయింది కాబట్టే ఈ రకం క్రిమి మిగిలి ఉండొచ్చు. సెఫ్‌ట్రయాక్సోన్‌లో కొంత భాగం పిత్తంతో కలిసి పేగుల్లోకి దిగుతుంది. అక్కడ లొంగే క్రిములు చస్తాయి. లొంగనివి కలుపు తీయని చేలో గరికలాగా అల్లుకుంటాయి.

ఇంకొకటి. చీము గూడు కట్టిన చోటికి రక్తం సరిగా అందదు, మందు పోయేది రక్తంలోనే. అందుకే విప్పి కడగడం సగం వైద్యం. పాలివ్వడం గురించి మందు రాసిన డాక్టరునే అడగండి, సాధారణంగా మానక్కర్లేదనే అంటారు. పప్పు నిర్దోషి. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, అవ్వకు నచ్చజెప్పి గుడ్డు, పప్పు రెండూ పెట్టించండి.

హగరి_ఒడ్డు | 10:48

చాలా థ్యాంక్స్ మేడం. ఈఎస్‌బీఎల్ పాజిటివ్ అనే ఉంది. ఇప్పుడు మెరోపెనెమ్ ఎక్కిస్తున్నారు. ఆ క్రిమి ఎక్కడ ఎక్కి ఉంటుంది? థియేటర్‌లోనా, వార్డులోనా, ఇంట్లోనా?

సూక్ష్మదర్శిని | 10:55

ఈ ఒక్క రిపోర్టుతో ఎవరూ చెప్పలేరు. అయితే ఆపరేషన్ అయిన 30 రోజుల్లోపు కోత దగ్గర వచ్చే ఇన్ఫెక్షన్‌ను ఆసుపత్రి ఖాతాలోనే రాయాలి, పేషెంటు ఇంటికి పోయినా సరే. మన దగ్గర తంటా ఏమంటే, చీము పట్టిన మనిషి వేరే ఊరి ఆసుపత్రికి పోతుంది. మొదటి ఆసుపత్రి రిజిస్టర్‌లో ఆమె ‘కోలుకుని డిశ్చార్జి’ గానే ఉండిపోతుంది. మీ చెల్లెలి సంగతి వాళ్లకు తెలుసో లేదో. వీలైతే ఆ రిపోర్టు జిరాక్స్ ఒకటి వాళ్లకు ఇచ్చి రండి. గొడవకు కాదు, తెలియాలని.

నైట్‌డ్యూటీ | సోమవారం ఉదయం 8:20

16 ఏళ్లుగా స్టాఫ్ నర్సుని. డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. థియేటర్ కడగని వాళ్లు అన్న ఉగ్గాని తమ్ముడికి ఒక రాత్రి లెక్క చెప్తా, వినాలి.

30 పడకలు. రాత్రి నర్సును నేనొక్కదాన్నే. లేబర్ రూమ్‌లో ఒకామె నొప్పులతో. పది గంటల ఇంజక్షన్లు నిన్న 22 మందికి. ఒకరి దగ్గర నుంచి ఇంకొకరి దగ్గరకు పోయేటప్పుడల్లా చేతులు కడగాలి. సబ్బు నీళ్లతో 40 నుంచి 60 సెకన్లు. సింకు వార్డు ఆ చివర, నా టేబుల్ నుంచి 26 అడుగులు. లెక్కపెట్టాను, అందుకే చెప్తున్నా. 22 సార్లు పోవాలి, 22 సార్లు రావాలి. మధ్యలో లేబర్ రూమ్ నుంచి ఆయమ్మ కేక.

ఇక నీళ్లు. బోరు నీళ్లు. మన సీమ బోరు సంగతి తెలిసిందే, సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, చెయ్యి ఆరితే తెల్లగా పొడి కడుతుంది. కట్టిన కొత్తలో మోచేత్తో తిప్పే కుళాయి పెట్టారు. ఉప్పు పేరుకుని బిగుసుకుపోయింది. ఇప్పుడు రెండు చేతులూ వేసి తిప్పాలి. కడిగిన చేతులతోనే మళ్లీ కట్టేయాలి. పక్కన మేకుకు ఒక తువ్వాలు, పచ్చ అంచుది. డాక్టరుకు, నాకు, ల్యాబ్ అబ్బాయికి, ఆయమ్మకు అందరికీ అదే. పొద్దున ఆరినది తెచ్చి తగిలిస్తారు. మధ్యాహ్నానికి పిండితే నీళ్లు కారతాయి. ఆ తువ్వాలుతో తుడుచుకోవడం కంటే కడగకుండా ఉండటమే నయమేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది.

శానిటైజర్ వస్తుంది, రాదని చెప్పను. స్టోర్‌లో తాళం వేసి ఉంటుంది. బయట పెడితే సీసా మాయమవుతుంది, ఇండెంటు, అంటే స్టోర్ ఇచ్చే కోటా, ముందే అయిపోతే సంజాయిషీ నేనివ్వాలి.

గ్లౌజులు కూడా ఉన్నాయి. వాటితో వేరే తలనొప్పి. వేసుకున్నాం కదా అని ఒకే జతతో నలుగురిని చూసేవాళ్లున్నారు. చేతికైతే జిగట తెలుస్తుంది, కడుక్కోవాలనిపిస్తుంది. గ్లౌజు వేసుకున్న చేతికి అదీ ఉండదు.

ఉగ్గాని_బజ్జీ | 8:41

సారీ అక్కా. తెలియక అన్నాను.

స్లైడు_బాక్సు | 9:15

సామాజిక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా దగ్గర కల్చర్ చేసే వసతి లేదు. రక్తం, మూత్రం, చీము ఏదైనా జిల్లా కేంద్రానికి పోవాల్సిందే. మే నెలలో 42 డిగ్రీల ఎండలో ఎవరి బైకు డిక్కీలోనో పోయిన మూత్రం డబ్బాలో ఏం పెరుగుతుందో దేవుడికే ఎరుక. మూత్రం రెండు గంటల్లో ల్యాబ్‌కు చేరకపోతే ఫ్రిజ్‌లో ఉంచాలి. బ్లడ్ కల్చర్ బాటిల్‌ను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకూడదు. మావాళ్లు రెండూ కలిపి ఐస్ ప్యాకుల మధ్య పెట్టి పంపేవాళ్లు. నేను చేరాక ఆపించాను.

ఇంకో సంగతి. యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే శాంపిల్ తీయాలి. మన దగ్గర ఐదు రోజులు మందు వాడి, తగ్గకపోతే అప్పుడు కల్చర్ అంటారు. అప్పటికి గట్టివే మిగిలి ఉంటాయి.

డ్యూటీ_ఎంవో | మధ్యాహ్నం 2:10

ఈ పోస్టు రాయాలా వద్దా అని రెండు గంటలు ఆలోచించాను. కర్నూలు జిల్లాలో ఒక చిన్న సర్కారీ ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేస్తున్నాను.

సిజేరియన్‌కు కోత పెట్టే ముందు, 60 నిమిషాల్లోపు, సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్ ఒక్క డోసు చాలు. ఆపరేషన్ అయ్యాక కొనసాగించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే స్పష్టంగా రాసింది. చదువుకున్నది అదీ. కేస్ షీటులో నేను రాసేది ఐదు రోజుల సెఫ్‌ట్రయాక్సోన్. మీ చెల్లెలికి రాసినట్టే.

ఎందుకు? ఏ క్రిమి ఎక్కినా కాపాడుతుందని ముందే వేస్తాం, మేం దాన్ని ‘కవర్’ అంటాం. పరికరాల మీది క్రిములను ఆవిరితో చంపే మా ఆటోక్లేవ్, మధ్యలో కరెంటు పోతే ఆగిపోతుంది. తిరిగి వచ్చాక మొదటి నుంచి పెట్టారో, ఆగినచోట నుంచి లెక్కేశారో నాకు తెలియదు. థియేటర్ ఏసీ నుంచి నీళ్లు కారతాయి. పొద్దున బాలింత పక్క మంచంలో చీము పుండు కేసు ఉంటుంది, వేరే వార్డు లేదు. ఇవేవీ నా చేతిలో లేవు. నా చేతిలో ఉన్నది పెన్ను ఒక్కటే. చీము పడితే ‘యాంటీబయాటిక్ కూడా రాయలేదు’ అని బంధువులు నా కాలరు పట్టుకుంటారు. ఐదు రోజులు రాస్తే ఎవరూ అడగరు.

సూక్ష్మదర్శిని | 2:46

సార్, మీ ఇబ్బంది అర్థమవుతుంది. మా ల్యాబ్‌కు వచ్చేది మీ దగ్గర నుంచే కాబట్టి ఒక మాట. ఆటోక్లేవ్ వదిలేసిన క్రిమి ఆ మందుకు లొంగేదైతే కోతకు ముందు వేసే ఒక్క డోసే చూసుకుంటుంది. లొంగనిదైతే ఐదు రోజులు వేసినా చావదు. మిగతా నాలుగు రోజుల మందు ఎవరి మీద పనిచేస్తున్నట్టు? పేషెంటు పేగుల్లో ఉన్న అమాయకపు క్రిముల మీద. వార్డులో ముప్పై మందికి ముప్పై ‘కవర్లు’ వేస్తే, ఆ వార్డు సింకులో మిగిలేది ఏ రకమో మీకు తెలియంది కాదు.

డ్యూటీ_ఎంవో | 3:02

తెలుసు. లెక్క ఒప్పే. ఆ లెక్క చెప్పడానికి రాత్రి రెండింటికి బాలింత బంధువుల ముందు మీరొచ్చి నిలబడతారా?

సూక్ష్మదర్శిని | 3:04

రాలేను సార్. నిజమే.

నైట్‌డ్యూటీ | సాయంత్రం 6:30

డాక్టరు గారూ, ఆటోక్లేవ్ మాటెత్తారు కాబట్టి ఒకటి అడుగుతాను. మీ డ్రమ్ము పక్కన చిల్లులు ఎప్పుడైనా చూశారా?

గుడ్డలు, గాజుగుడ్డ, పరికరాలు సర్దే స్టీలు డ్రమ్ముకు చుట్టూ చిల్లుల పట్టీ ఉంటుంది. ఆటోక్లేవ్‌లో పెట్టేటప్పుడు ఆ చిల్లులు తెరవాలి, ఆవిరి లోపలికి పోవడానికి. బయటికి తీయగానే మూయాలి, గాలి పోకుండా. ఇంతకుముందు పనిచేసిన చోట నేను చేరిన రెండో వారం చూశాను, ఆ పట్టీ తుప్పుపట్టి మూసినచోటే అతుక్కుపోయి ఉంది. ఎన్నాళ్ల నుంచో ఎవరికీ తెలియదు. డ్రమ్ము పైన అంటించిన టేపు మీద నల్ల గీతలు చక్కగా వచ్చేవి. టేపు చెప్పేది బయట వేడి తగిలిందని మాత్రమే. లోపల మధ్యలో ఉన్న గుడ్డకు 121 డిగ్రీలు అందిందో లేదో అది చెప్పదు. పైగా పెళ్లి సామాను పెట్టెలా కుక్కి కుక్కి సర్దేవాళ్లు. పిడికిలి దూరే సందు ఉండాలి డ్రమ్ములో.

కొత్త డ్రమ్ములు రాయించడానికి నాలుగు నెలలు పట్టింది. ఈలోగా పాత చీరల గుడ్డలో రెండు పొరలు చుట్టి పెట్టాం. ఇంకోటి, ఆటోక్లేవ్‌లో బోరు నీళ్లు పోస్తే ఆరు నెలలకు కాయిల్ మీద సున్నం పెంకు కడుతుంది. ఫిల్టర్ నీళ్ల క్యాను తెప్పించి పోస్తున్నాం. దానికి బిల్లు పెట్టే పద్దు లేదు, తలా పది వేసుకుంటాం.

డ్యూటీ_ఎంవో | 6:58

సిస్టర్, నేను చూడలేదు. రేపు చూస్తాను.

సూది_మందు | రాత్రి 8:15

అందరూ పెద్ద ఆసుపత్రుల మాట చెప్తున్నారు, మా పల్లె వైద్యులను ఎప్పుడు తిడతారా అని చూస్తున్నా. నేనే ముందుకొస్తా. ఇరవై ఏళ్లుగా ఆర్‌ఎంపీని. జ్వరమని వచ్చినవాడికి ‘ఇది వైరస్, మూడు రోజుల్లో తగ్గుతుంది, నీళ్లు తాగు’ అంటే, ‘సూది వెయ్యనోడు ఏం డాక్టర్’ అని పక్క వీధికి పోతాడు. కూలి మనిషికి రేపు పనికి పోవాలి. వేరుశనక్కాయ పీకే రోజుల్లో ఒక్క రోజు కూలి పోతే ఆ ఇంట్లో ఎంత గొడవో మీకు తెలుసు. అందుకే సూది. నాకు ఆ సూది మందులు నేర్పింది ఎవరు? పట్నం డాక్టరు చీటీలే. ఆయన రాసింది చూసి నేను వేశా.

దేవుని_కడప | 8:33

మీరు నిజాయితీగా చెప్పినందుకు మెచ్చుకోవాలి గానీ, మీరు వేసే ఒక్క సూదితో ఆపేస్తారు కదా, అదే ముప్పు. పెనిసిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే హెచ్చరించాడు, చాలీచాలని డోసు వేసి క్రిములకు మందును తట్టుకోవడం నేర్పొద్దని. మందు వచ్చిన కొత్తలోనే ఆ మాట చెప్పాడు.

చేతులు కడగడం మాటకొస్తే 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ఉండేవాడు. శవపరీక్ష చేసిన చేతులతోనే కాన్పులు చేసేవాళ్లు అప్పట్లో. డాక్టర్ల వార్డులో బాలింతలు పిట్టల్లా రాలిపోయేవాళ్లు, మంత్రసానుల వార్డులో అంత లేదు. క్లోరిన్ సున్నం నీళ్లలో చేతులు కడిగితేనే లోపలికి రానిస్తానన్నాడు. అంటే మన బ్లీచింగ్ పౌడరే. ఆ ఏప్రిల్‌లో 18 శాతం ఉన్న మరణాలు కొన్ని నెలల్లోనే 2 శాతం దగ్గరకు వచ్చాయి. మెచ్చుకున్నారా? తోటి డాక్టర్లకు కోపమొచ్చింది. మా చేతులు మురికా అని. చివరికి 1865లో పిచ్చాసుపత్రిలో పోయాడు పాపం.

షాపు_పదమూడేళ్లు | 9:20

ఆదోని వైపు మెడికల్ షాపు. మా మీదా ఎవరో ఒకరు పడతారు కాబట్టి ముందే చెప్తున్నా. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 ఉంది. పెట్టినప్పుడు 46 మందులు. సెఫిక్సిమ్, సెఫ్‌ట్రయాక్సోన్, మెరోపెనెమ్ అన్నీ అందులోవే. చీటీ లేకుండా ఇవ్వకూడదు, డాక్టరు పేరు, పేషెంటు పేరు, ఎన్ని ఇచ్చామో విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. పట్టీ మీద ఎర్ర గీత చూసే ఉంటారు. నా దగ్గర రిజిస్టర్ ఉంది. సంతరోజు సాయంత్రం మాత్రం అది మూసే ఉంటుంది, అబద్ధం చెప్పను.

‘అన్నా, మొన్నటి మాత్రే రెండియ్యి’ అని ఖాళీ పట్టీ ముక్క తెచ్చి చూపిస్తారు. ఐదు రోజుల కోర్సు అంటే ‘రెండు చాలు, తగ్గితే రాను’ అంటారు. లేదంటే ఎదురు షాపు. కేరళలో 2024 నుంచి ఆపరేషన్ అమృత్ అని తనిఖీలు పెట్టి, చీటీ లేకుండా అమ్మిన షాపుల మీద చర్యలు తీసుకుంటున్నారు. అన్ని షాపులకూ ఒకేసారి చేస్తే నాకేం అభ్యంతరం లేదు. నేనొక్కడినే మంచివాడినైతే షాపు మూసుకోవాలి.

కువైట్_కడప | 9:47

మా రూములో పదిమందిమి, అందరం కడప, రాజంపేట వాళ్లమే. సెలవు నుంచి తిరిగొచ్చేవాడి సూట్‌కేసులో ఊరగాయ, కారప్పొడితో పాటు అజిత్రోమైసిన్ పట్టీలు ఉంటాయి. గొంతు నొప్పి అంటే ఎవరి పెట్టెలో ఏముంటే అది. ఈ చర్చ చదివి నా పెట్టె తెరిచి చూశాను. మూడు రకాలు, ఒక్కోటి సగం సగం. ఏది ఎందుకు కొన్నానో గుర్తులేదు.

ఉగ్గాని_బజ్జీ | 10:02

ఇదంతా విదేశీ కంపెనీల కుట్ర అని ఒక వీడియో చూశాను. కావాలనే ఒక క్రిమికి మన ఢిల్లీ పేరు పెట్టారంట. నిజమేనా?

సూక్ష్మదర్శిని | 10:20

సగం నిజం. మీరనేది ఎన్‌డీఎం-1, అందులో ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ. అది క్రిమి పేరు కాదు, కార్బపెనెం మందులను, అంటే హగరి అన్న చెల్లెలికి ఇప్పుడు ఎక్కిస్తున్న మెరోపెనెమ్ కుటుంబాన్ని, నరికేసే ఎంజైము పేరు. న్యూఢిల్లీలో ఆసుపత్రిలో చికిత్స పొంది స్వీడన్‌కు తిరిగి వెళ్లిన ఒక భారత సంతతి పేషెంటులో దొరికితే 2009లో ఆ పేరు పెట్టి ప్రచురించారు. ఆయన దగ్గర దొరికిన క్రిమి కూడా క్లెబ్సియెల్లానే. ఊరి పేరు పెట్టడం మీద మన దేశంలో పెద్ద రచ్చ అయింది, అందులో న్యాయం ఉంది. పేరు మార్చినంత మాత్రాన ఆ జన్యువు ఎక్కడికీ పోదు. మా ల్యాబ్‌లో మెరోపెనెమ్ ఎదురుగా ఆర్ వచ్చే రిపోర్టులు వింతేమీ కాదు ఇప్పుడు. అప్పుడు మిగిలేది కొలిస్టిన్ లాంటి ఒకటి రెండు, అవి కిడ్నీల మీద పడతాయి. ఆ కొలిస్టిన్‌ను కోళ్ల మేతలో కలిపేవాళ్లు మొన్న మొన్నటిదాకా. 2019లో నిషేధించారు.

ప్రపంచం మొత్తంలో 2019లో మందులకు లొంగని బాక్టీరియా వల్లే నేరుగా సుమారు 12.7 లక్షల మంది పోయారని 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అంచనా వచ్చింది.

మందకాపరి | 10:41

గొర్రెలకు కాళ్లు వాస్తే మేమే టెట్రాసైక్లిన్ సూది వేస్తాం, డోసు చూపుతోనే. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా మేడం?

సూక్ష్మదర్శిని | 10:44

ఉంటుంది అన్నా. పశువుల డాక్టరును అడిగి వేయండి. వేశాక కొన్ని రోజులు పాలూ మాంసమూ వాడకూడదు, ఎన్ని రోజులో సీసా మీదే ఉంటుంది.

నైట్‌డ్యూటీ | మంగళవారం ఉదయం 8:50

రాత్రి మళ్లీ డ్యూటీ. ఒకటి కళ్లబడింది, రాస్తున్నా. సెలైన్ సీసా గట్టి ప్లాస్టిక్‌ది అయితే గాలి పోవాలని పైన ఒక సూది గుచ్చుతారు. ఆ సూది వార్డు గాలిని సీసాలోకి నేరుగా పీలుస్తుంది. దానికి తోడు ఇంజక్షన్ పొడులు కలపడానికి ఒక సెలైన్ సీసా టేబుల్ మీద పెట్టుకుని, దాని మూతకు ఒక సూది వదిలేసి, పొద్దున్నుంచి రాత్రిదాకా అందులోంచే అందరికీ లాగుతారు. కొత్త అమ్మాయి అట్లా పెట్టింది. తిట్టలేదు, నేనూ చేసినదాన్నే. సీసా పారబోసి పది మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ బుడ్లు తీసిచ్చాను.

సావ్లాన్ నీళ్ల డబ్బాలో చీటిల్ ఫోర్సెప్స్ (శుభ్రం చేసిన సామాను ఎత్తే పట్టుకారు) ముంచి పెడతాం కదా, ఆ నీళ్లు ఎన్ని రోజులకు మారుస్తారో ఎవరైనా చెప్తారా? మేం ‘మసకబారితే’ మారుస్తాం.

సూక్ష్మదర్శిని | 9:30

అక్కా, పల్చని సావ్లాన్‌లో సూడోమోనాస్ అనే క్రిమి హాయిగా బతుకుతుంది. ఆ డబ్బా తీసేసి ఫోర్సెప్స్‌ను ఆటోక్లేవ్ చేసి పొడి డబ్బాలో ఉంచండి, పూటకొకటి మార్చండి. తడి ఎంత తగ్గితే అంత మంచిది.

శానిటైజర్ ఇండెంటు చాలకపోతే ఆసుపత్రిలోనే కలుపుకోవచ్చు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతలున్నాయి. 10 లీటర్లకు 99.8 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 7,515 మిల్లీలీటర్లు, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 417, గ్లిజరిన్ 145, మిగతా కాచి చల్లార్చిన నీళ్లు. మూతపెట్టి 72 గంటలు ఉంచాక వాడాలి. ఫార్మసిస్టు దగ్గరుండి కలపాలి, అక్కడ స్టవ్వు, అగరుబత్తి ఉండకూడదు. చేతికి రక్తం అంటితే మాత్రం ఇది చాలదు, సబ్బు నీళ్లే. సీసా దొంగతనం అంటారా, మంచానికి తీగతో కట్టేసిన చోట్లు చూశాను. లేదంటే చిన్న సీసా మీ జేబులోనే.

డ్యూటీ_ఎంవో | మధ్యాహ్నం 1:15

సిస్టర్ గారికి. డ్రమ్ములు చూశాను. నాలుగింటిలో ఒకదానికి పట్టీ కదలడం లేదు. తీసేయించాను. కరెంటు పోయి వస్తే మొదటి నుంచి పెట్టాలని, టైము రాసి సంతకం చేయాలని ఒక నోటుబుక్కు పెట్టాను. ముందురోజు రాత్రే బ్లేడుతో షేవింగ్ చేయడం కూడా ఆపించాను, బ్లేడు గాట్లలోనే క్రిములు కూర్చుంటాయి. కత్తెరతో కత్తిరిస్తే చాలు, అదీ అవసరమైతేనే.

ఐదు రోజుల కవర్ ఇవాళ ఒక బాలింతకు రాయలేదు. ముందు ఒక్క డోసు, అంతే. రోజుకు మూడుసార్లు వెళ్లి పట్టీ చూస్తున్నాను. నిజం చెప్పాలంటే భయంగా ఉంది.

సూది_మందు | 1:40

మంచి పని సార్. ఆమె మా ఊరి పిల్ల అయితే బయట నేను సూది వేయనులెండి.

హగరి_ఒడ్డు | తర్వాతి ఆదివారం రాత్రి 8:05

అందరికీ చెప్పాలని వచ్చాను. చెల్లెలికి జ్వరం పోయింది. మెరోపెనెమ్ పది రోజులకు ఆపారు. గాయం లోపలి నుంచి ఎర్రగా కండ పట్టుకొస్తోంది, రెండోసారి కుట్లు వేసే అవసరం రాకపోవచ్చన్నారు. మందులకు, మంచానికి, ఆటోలకు కలిపి 18 వేలు దాటింది. వేరుశనక్కాయ విత్తనానికి దాచినవి. బిడ్డ బాగున్నాడు. అవ్వ ఇప్పుడు గుడ్డు ఒప్పుకుంది, పప్పుకు ఇంకా ఒప్పుకోలేదు.

మేడం చెప్పినట్టు రిపోర్టు జిరాక్స్ తీసుకుని మొదటి ఆసుపత్రికి పోయాను. గొడవకొచ్చానని ముందు తలుపు దగ్గరే ఆపారు. కాదని చెప్పి చేతికిచ్చాను. డాక్టరమ్మ కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఈ నెలలో ఇది రెండోదట, మొదటి దాని సంగతి ఎవరో ఆశా కార్యకర్త చెప్తే తెలిసిందట. ఆమె రిజిస్టర్ తెరిచి చెల్లెలి పేరు పక్కన ఎర్ర పెన్నుతో ఏదో రాసుకుంది. ఆసుపత్రి అభివృద్ధి కమిటీలో మా ఊరి మాజీ సర్పంచి ఉన్నాడు, ఆయనను పట్టుకుని కుళాయిల సంగతి అడిగాను. మా మామ ప్లంబర్. మొన్న శుక్రవారం పోయి లేబర్ రూమ్ దగ్గర, వార్డులో మోచేతి కుళాయిలు రెండు బిగించి వచ్చాడు. ఉప్పు పట్టకుండా నెలకోసారి నిమ్మకాయతో రుద్దమని ఆయమ్మకు చెప్పాడట.

నైట్‌డ్యూటీ | 8:22

చాలా సంతోషం తమ్ముడూ. చెల్లెల్ని ఇంకో నెల బరువులు ఎత్తనీయొద్దు. ఒకటి అడుగుతాను, కుళాయి పక్కన తువ్వాలు తీశారా?

హగరి_ఒడ్డు | 8:26

లేదు మేడం, అక్కడే ఉంది. కొత్తది వేసినట్టున్నారు.